జూనో-106ను శాంప్లర్‌లోకి ఎక్కించడం ఎలా? లూప్ దగ్గరే చెడిపోతోంది

రోలాండ్ జూనో-106 అనే సింథసైజర్ వచ్చింది 1984లో. ఒకేసారి ఆరు స్వరాలు పలికేలా దానిలో ఆరు వాయిస్‌లుంటాయి. ఇప్పుడు చేతికొచ్చే పాత మిషన్లలో ఒకటో రెండో వాయిస్‌లు మూగబోయి ఉండటం మామూలే. అందుకని ఆరూ పలుకుతున్నప్పుడే శాంపిల్ చేసి, అంటే స్వరాలను రికార్డు చేసి మీట నొక్కితే ఆ రికార్డింగ్‌నే పలికించే శాంప్లర్‌లో పెట్టి, దాచుకోవాలి. దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ నాకు వినిపించేవాటిలో ఎక్కువ భాగం మీట నొక్కిన మూడో సెకనుకే "టక్ టక్" మంటాయి.

సామాను: శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక ఆడియో కేబుల్, మిడి కేబుల్ (కంప్యూటర్ నుంచి ఏ స్వరం పలకాలో మిషన్‌కి చెప్పేది). రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. పీక్ మైనస్ 12 డెసిబెల్ దాటనివ్వకండి. మిషన్‌ని అరగంట ముందే ఆన్ చేసి పెట్టండి. 50 హెర్ట్జ్ హమ్ వినిపిస్తే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి.

కోరస్ (శబ్దాన్ని మందంగా, ఊగేలా చేసే ఎఫెక్ట్) ఆపేయండి. జూనో అంటేనే కోరస్ కదా అంటారు, నిజమే. కానీ మిషన్‌లో స్వరాలన్నీ కలిశాక ఒకే కోరస్ గుండా వెళ్తాయి. మీరు ఒక్కో స్వరాన్నీ కోరస్‌తో రికార్డు చేస్తే ఒకేసారి నొక్కే మూడు మీటల కార్డ్‌కు మూడు కోరస్‌లు పడి దేని దారిన అది ఊగుతుంది. దాన్ని తర్వాత ప్లగిన్‌తో వేసుకోండి. శబ్దాన్ని నెమ్మదిగా ఊపే ఎల్ఎఫ్ఓదీ ఇదే కథ: శాంపిల్‌ని పై స్థాయికి లాగితే ఊపు కూడా వేగమవుతుంది.

61 మీటలున్నా ప్రతి మూడో సెమిటోన్ చాలు, అంటే 21 స్వరాలు. ఒక్కోటి పది సెకన్లు పట్టి ఉంచండి. వేలితో కాదు, మిడితో పంపండి. ఈ మీటలకు వెలాసిటీ (ఎంత గట్టిగా నొక్కారన్నది) తెలియదు, గట్టిగా మెత్తగా అంటూ లేయర్లు తీయడం దండగ. దాని బదులు ప్రతి స్వరాన్నీ మూడుసార్లు తీసి మార్చి మార్చి పలికించండి. ఫైళ్లను నార్మలైజ్ చేయకండి (అన్నిటినీ ఒకే ఎత్తుకు పెంచకండి), స్వరాల మధ్య హెచ్చుతగ్గులు పోతాయి.

ఇక లూప్, అంటే మీట పట్టి ఉంచినంతసేపూ రికార్డింగ్‌లో మళ్లీ మళ్లీ తిరిగే ముక్క. తొంభై శాతం తప్పులు ఇక్కడే.

తరంగం సున్నాను దాటే చోట కోస్తే చాలనుకుంటారు. చాలదు. రెండు చివర్లలోనూ తరంగం ఒకే వైపు వెళ్తూ ఉండాలి, మధ్యలో పూర్తి ఆవృత్తాలే ఉండాలి. 440 హెర్ట్జ్ స్వరానికి ఒక ఆవృత్తం 109.09 శాంపిళ్లు (ఇక్కడ శాంపిల్ అంటే సెకనుకు 48,000 చొప్పున తీసే కొలతల్లో ఒకటి). ఆ .09తోనే తంటా. 11 ఆవృత్తాలు తీసుకుంటే సరిగ్గా 1200. కానీ సబ్ ఆసిలేటర్ (అడుగున అదనపు శబ్దం పుట్టించే భాగం) ఎత్తి ఉంటే అది ఒక ఆక్టేవ్ కింద పలుకుతుంది. 11లో దానికి వచ్చేది ఐదున్నరే. అప్పుడు 22 తీసుకోవాలి, 2400 శాంపిళ్లు. మిషన్ సరిగ్గా 440లోనే ఉందని నమ్మకండి, ట్యూనర్‌తో కొలిచాకే లెక్క వేయండి.

అంత చిన్న లూప్‌ని మాత్రం నేను వాడను. 2400 శాంపిళ్లంటే సెకనులో ఇరవయ్యో వంతు. మిషన్ తాలూకు సన్నటి "స్‌స్" కూడా సెకనుకు ఇరవైసార్లు తిరిగి తిరిగి వచ్చి గరగరలాడుతుంది. అదే కొలతను నలభై యాభై రెట్లు చేసి రెండు సెకన్లకు పైన పెట్టండి. ఫిల్టర్ ఎన్వలప్ (మీట నొక్కాక శబ్దపు మెరుపును మార్చే భాగం) పూర్తిగా కుదుటపడ్డాకే మొదలుపెట్టండి, లేదంటే తిరిగొచ్చిన ప్రతిసారీ "వావ్" అంటుంది.

కోత కుదరకపోతే క్రాస్‌ఫేడ్ (ఒక చివరను తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచుతూ కలపడం) కప్పేస్తుందనేది ఇంకో భ్రమ. ఫేజ్ (తరంగాల ఎత్తుపల్లాలు) కలవని రెండు ముక్కల్ని కలిపితే టక్కు పోతుంది గానీ మధ్యలో గొంతు నొక్కినట్టు శబ్దం తగ్గుతుంది. క్రాస్‌ఫేడ్ ఉప్పులాంటిది, ముందు కూర ఉడకాలి.

మినీమూగ్ అనే ఇంకో సింథసైజర్‌లో రెండు ఆసిలేటర్లను కొంచెం ఎడంగా శ్రుతి చేస్తే ఇంకో లెక్క. 440, 440.5 కలిస్తే ఊపు రెండు సెకన్లకోసారి వస్తుంది. లూప్ రెండు సెకన్లో నాలుగో ఉండాలి, మూడు పెడితే కుంటుతుంది.

మొత్తం 63 ఫైళ్లు. ప్రతి లూప్‌నీ స్క్రీన్ చూడకుండా ఒక నిమిషం వినండి. నేను రోజుకు పదికి మించి చేయను, ఆ తర్వాత నా చెవికి అన్నీ బాగానే వినిపిస్తాయి.