మడత వాకర్ కొన్నా నడక కుదరడం లేదా? లోపం ఎక్కడుందో పట్టుకోండిలా

తుంటి ఆపరేషనో మోకాలి ఆపరేషనో అయి డిశ్చార్జి చేసే రోజున, ఆ హడావుడిలో ఆస్పత్రి ఎదురుగా ఉన్న సర్జికల్ షాపులో కనబడ్డ వాకర్ తెచ్చేస్తారు. ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది, మడిస్తే కారు డిక్కీలో పడుతుంది, సరే అనుకుంటారు. కొన్నాళ్లకు అది మూలన చేరుతుంది, పెద్దవాళ్లు మళ్లీ గోడలు పట్టుకుని నడుస్తుంటారు. చాలాసార్లు వాకర్ మంచిదే, ఆ మనిషికీ ఆ ఇంటికీ కుదరదంతే. కొత్తది కొనే ముందు, ఉన్నదానితో ఎక్కడ ఇబ్బంది వస్తోందో చూసుకోండి.

నడుం వంగిపోతోంది, లేదా భుజాలు పైకి లేచి మణికట్లు నొప్పి పెడుతున్నాయి

కారణం ఎత్తు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడే లోపం ఇదే. తక్కువైతే మనిషి ముందుకు వాలి నడుస్తారు. ఎక్కువైతే మోచేయి మరీ వంగి, బరువంతా భుజాల మీద పడుతుంది.

కొలత ఇలా తీసుకోండి. మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు రెండూ పక్కలకు వదిలేయమనండి. మణికట్టు లోపలి వైపు గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో చూడండి. హ్యాండిల్ సరిగ్గా అక్కడికి రావాలి. అప్పుడు హ్యాండిల్ పట్టుకుంటే మోచేయి 15 నుంచి 30 డిగ్రీల మధ్య వంగుతుంది. నిలబడలేకపోతే మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మడమ నుంచి మణికట్టు గీత దాకా కొలవండి.

చెప్పులతో కొలవమని చాలాచోట్ల రాస్తారు. మన ఇళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే తిరుగుతారు కాబట్టి, రోజులో ఎక్కువసేపు ఎలా నడుస్తారో అలాగే కొలవడం సరైన పద్ధతి. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటుంటే మడమ వెనక పట్టీ ఉన్నవే వాడాలి. హవాయి చెప్పులు వద్దు.

కాళ్లలో రంధ్రాలు సాధారణంగా అంగుళం ఎడంలో ఉంటాయి. మార్చేటప్పుడు నాలుగు కాళ్లకూ కిందనుంచి రంధ్రాలు లెక్కపెట్టి ఒకే నంబరు మీద పెట్టండి. బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి. సగం వచ్చిన బటన్ బరువు పడగానే లోపలికి జారుతుంది, కాలు ఒక్కసారిగా దిగిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 4 అడుగుల 10 అంగుళాల ఎత్తున్న అమ్మమ్మకు మణికట్టు 28 అంగుళాల దగ్గర ఉంటుంది. షాపుల్లో దొరికే చాలా మోడళ్లు పూర్తిగా దించినా 31, 32 అంగుళాల దగ్గరే ఆగిపోతాయి. అలాంటిది ఎంత తేలికైనా ఆవిడకు పనికిరాదు. పైపులు కోయించకండి, మార్చుకోండి. అడగాల్సింది ‘గరిష్ఠంగా ఎంత ఎత్తు వస్తుంది’ అని కాదు, ‘కనిష్ఠంగా ఎంతకు దిగుతుంది’ అని.

బాత్రూం గుమ్మం దగ్గర ఇరుక్కుంటోంది

ఫ్లాట్లలో బాత్రూం తలుపు రెండున్నర అడుగులని చెబుతారు. ఫ్రేము, తెరిచిన తలుపు మందం పోగా మిగిలేది చాలాచోట్ల 26 అంగుళాలే. పాత ఇళ్లలో ఇంకా తక్కువ. వాకర్ వెనక కాళ్ల దగ్గర అన్నిటికన్నా వెడల్పు, 20 నుంచి 24 అంగుళాల దాకా. చక్రాలు బయటి వైపు బిగిస్తే ఇంకో మూడు నాలుగు అంగుళాలు కలుస్తాయి. చక్రాలు విడిగా ఊడే మోడలైతే కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చండి, అవి లోపలి వైపుకు వస్తాయి. అప్పటికీ పట్టకపోతే వాకర్ను పక్కకు తిప్పి దూర్చే ప్రయత్నం మాత్రం చేయనివ్వొద్దు. చాలామంది పడేది సరిగ్గా అక్కడే. గుమ్మం పక్క గోడకు, లోపల కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ (గ్రాబ్ బార్) వేయించి, లోపల దాన్ని పట్టుకుని నడిచేలా చూడండి.

గడప సంగతి కూడా ఇందులోదే. బాత్రూం నేల ఒకటి రెండు అంగుళాలు కిందికి ఉంటే, ముందు వాకర్ నాలుగు కాళ్లూ కింద ఆనాలి, తర్వాతే అడుగు. రెండు కాళ్లు పైన, రెండు కింద ఉన్నప్పుడు బరువు వేయకూడదు. మెట్ల మీద అసలు వాడకూడదు.

ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టలేక ఆయాసపడుతున్నారు

అల్యూమినియం మడత వాకర్ రెండు నుంచి మూడు కిలోలుంటుంది, స్టీలుదైతే ఇంకా ఎక్కువ. ఒక గది దాటేలోపు దాన్ని ఎన్నిసార్లు ఎత్తాలో లెక్క వేస్తే అలసట ఎందుకో తెలుస్తుంది. ఇంకా తేలికది వెతకడం కన్నా, వాకర్ ముందువైపు కాళ్లకు రెండు చక్రాలు బిగించడం మంచిది. 5 అంగుళాల చక్రాలు తీసుకోండి. చిన్నవి టైల్స్ మీద బాగానే ఉంటాయి, కాలనీ సీసీ రోడ్డు పగుళ్లలో ఇరుక్కుంటాయి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఎత్తి పెట్టే వాకర్‌తో నడక మధ్యలో తెగిపోతుంటుంది కాబట్టి, ఏది సరిపోతుందో ఫిజియోథెరపిస్టును అడగాలి.

నాలుగు చక్రాలు, సీటు, బ్రేకులు ఉన్న రోలేటర్‌ను షాపులో గొప్పగా చూపిస్తారు. ఊపిరి అందక మధ్యమధ్యలో కూర్చోవాల్సిన వాళ్లకు అది చాలా మంచిది. చేతుల మీద బరువు వేసి నడవాల్సిన వాళ్లకు, ఆపరేషన్ కొత్తలో ఉన్నవాళ్లకు మాత్రం వద్దు. ఆనుకోగానే ముందుకు దొర్లిపోతుంది.

నేల మీద జారుతోంది

ముందుగా, కాళ్ల చివర ఉన్న రబ్బరు బుష్‌లను తిరగేసి చూడండి. అడుగున ఉండే గుండ్రటి గాట్లు అరిగి నున్నగా అయితే పట్టు పోయినట్టే. బాల్కనీ ఎండలో పెడితే రబ్బరు గట్టిపడి పగులుతుంది. కొన్నాళ్లకు పైపు అంచు రబ్బరును చీల్చుకుని బయటికి వస్తుంది, అప్పుడు నేలకు తగిలేది లోహం. బుష్ సైజు పైపు మందాన్ని బట్టి మారుతుంది, 22, 25 మిల్లీమీటర్లు ఎక్కువగా కనబడతాయి. అంచనాతో కొనకుండా పాతది పట్టుకెళ్లండి. హైదరాబాద్‌లోనైతే కోఠి, సుల్తాన్ బజార్ వైపు సర్జికల్ షాపుల్లో విడిగా అడగొచ్చు. నాలుగూ ఒకేసారి మార్చాలి, ఒక్కటే కొత్తదైతే వాకర్ ఒరుగుతుంది. ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు రాస్తే చాలు, నూనె రాస్తే తర్వాత ఊడిపోతుంది.

బుష్‌లు బాగానే ఉండి జారుతుంటే, వాటికి దుమ్మో సబ్బు జిడ్డో పట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. ఇల్లు తడిబట్ట పెట్టాక టైల్స్ పూర్తిగా ఆరేదాకా మంచం దిగనివ్వకండి. చీర కుచ్చిళ్లు, లుంగీ, నైటీ అంచు చీలమండ పైకే ఉండాలి.

లేస్తుంటే వాకర్ మీదికి వచ్చేస్తోంది

వాకర్ను పట్టుకుని లాగి లేస్తున్నారన్నమాట. తేలికైన వాకర్ ఆ లాగుడుకు ఆగదు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేచి, నిలదొక్కుకున్నాక ఒక్కో చేయి హ్యాండిల్ మీదికి మార్చాలి. దివాన్, పల్లపు సోఫా నుంచి ఇలా లేవడం కష్టం. చేతులున్న గట్టి కుర్చీ, మోకాళ్ల ఎత్తుకు వచ్చేది కావాలి.

వెనక్కి పడబోతున్నట్టు అనిపిస్తే, ముందు కడ్డీకి మరీ దగ్గరగా అడుగు వేస్తున్నారేమో చూడండి. నడిచే వరుస ఇది: మొదట వాకర్, తర్వాత నొప్పి ఉన్న కాలు వాకర్ మధ్యకు, ఆ తర్వాత బాగున్న కాలు. కడ్డీకి సంచి తగిలిస్తే ముందుకు ఒరుగుతుంది. ఫోను, మందుల కోసం తేలికైన గుడ్డ జేబు చాలు.

ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కి ఊగుతోంది

అది విరిగింది కాదు. రెండు పక్కలూ మార్చి మార్చి కదిలే రకం కొన్నారు. కొన్ని మోడళ్లలో కదలకుండా బిగించే లాకు ఉంటుంది, షాపులో వేయించుకోండి. లాకు లేకపోతే, ఒక కాలి మీద బరువు వేయొద్దని డాక్టరు చెప్పిన మనిషికి ఇది ఇవ్వొద్దు.

నడుస్తుండగా ముడుచుకుపోతోంది, లేదా గలగలమంటోంది

తెరిచినప్పుడు రెండు పక్కలా ‘టక్’మని వినబడాలి. వినబడకపోతే బటన్ సందులో దుమ్ము, వెంట్రుకలు చిక్కి ఉంటాయి. పాత టూత్ బ్రష్‌తో తీసి, సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్ వద్దు, వాటికి దుమ్ము ఇంకా పడుతుంది. సమంగా ఉన్న నేల మీద పెట్టి ఒక్కో మూల నొక్కండి. ఊగితే ఒక కాలు రంధ్రం తేడాలో ఉన్నట్టే. హ్యాండిల్ స్పాంజి చేతిలో తిరుగుతుంటే అంటించడం కన్నా కొత్త గ్రిప్ వేయించండి.

రివెట్టు వదులైనా, పైపు వంగినా, అతుకు దగ్గర సన్నటి గీత కనబడినా ఆ రోజు నుంచే వాడటం ఆపేయాలి. వీధి చివర వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. పలుచటి అల్యూమినియం పైపు ఆ వేడికి బలం కోల్పోతుంది, అతుకు పక్కనే విరుగుతుంది. కొత్తది కొనేటప్పుడు ఎంత బరువు మోస్తుందో స్టిక్కర్ చదవండి. చాలావాటి మీద 100 కిలోలని ఉంటుంది, మనిషి బరువు దానికి దగ్గరగా ఉంటే ఇంకా ఎక్కువ మోసేది అడగండి. 60 ఏళ్లు దాటిన పేద కుటుంబాల వారికి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వాకర్లు ఉచితంగా ఇస్తారు. శిబిరాలు ఎప్పుడు, ఏ పత్రాలు కావాలన్న సంగతి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి అడగొచ్చు. అలా వచ్చిన వాకర్‌కైనా మణికట్టు కొలత చూసి, నాలుగు బటన్లూ తడిమి చూశాకే నడిపించండి.