టేబుల్ సా మీద అల్యూమినియం కోసే ముందు

కోనసీమలో టేకు కోసే మిషన్ మీదే కిటికీల అల్యూమినియం సెక్షన్లూ కోయాల్సి వస్తుంటుంది. కోయొచ్చు, కానీ ముందు ఇవి చూసుకోండి.

• ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

• బ్లేడు వంకరగా ఉందేమో చూడండి, అంటే మైటర్ గాడికి (బల్ల మీద బ్లేడు పక్కన పొడవునా ఉండే గాడి) సమాంతరంగా ఉందో లేదో. మన ఉప్పుగాలికి మైటర్ గాడిలో తుప్పు పడుతుంది, ముందు అది తుడవండి. ఒక పన్నుకి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టి, ముందు వైపు గాడి అంచు నుంచి దూరం కొలవండి. చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. వేరే పన్ను పట్టుకుంటే లెక్క తప్పుతుంది. తేడా 0.1 మిల్లీమీటరు దాటితే బల్ల కింద బోల్టులు వదులు చేసి సర్దండి. బిగించాక ఇంకోసారి కొలవాల్సిందే, బిగింపులోనే కదిలిపోతుంటుంది. ఫెన్స్ (ముక్కను ఆనించి తోసే పట్టీ) సంగతి ఆ తర్వాతే.

• అల్యూమినియానికి చేసిన కార్బైడ్ బ్లేడే వాడండి. 10 అంగుళాలదైతే 80 పళ్లది మంచిది. చెక్క కోసే బ్లేడు ముక్కను లాగేసుకుంటుంది.

• మిషన్ లోపలి రంపపు పొట్టు పూర్తిగా తీసేయండి. వేడి అల్యూమినియం రజను పడితే లోలోపల రాజుకుంటుంది.

• పళ్లకు మైనం రాయండి, కిరసనాయిలు వద్దు.

• కళ్లద్దాలు, ఫేస్ షీల్డ్ తప్పనిసరి. గ్లౌజులు, వదులు చొక్కా వద్దే వద్దు. చిన్న ముక్కను చేత్తో పట్టుకోకుండా క్లాంపు వేయండి.

• గాలివానకి కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపేయండి. చాలా మిషన్లలో కరెంటు రాగానే బ్లేడు దానంతటదే తిరుగుతుంది, అప్పటికి మీ చెయ్యి దాని పక్కనే ఉండొచ్చు.