మీకు ఏ పద్ధతిలో చదివితే నిలుస్తుందో తేల్చుకోవడం ఇలా

అశోక్‌నగర్‌లో గ్రూప్-2 పిల్లలకు పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలన పాఠాలు చెబుతుంటాను. కొత్త బ్యాచ్‌లో ఒక్కరైనా "మేడమ్, నేను విజువల్ లర్నర్‌ని, చూస్తేనే నాకు వస్తుంది, నోట్స్ రాయడం నాకు పడదు" అంటారు. ఎవరు చెప్పారమ్మా అంటే, ఫోన్‌లో ఏదో క్విజ్.

అలాంటి వాటిలో బాగా తెలిసినది వార్క్. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ తయారుచేసిన ప్రశ్నావళి. చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకోవడం అని నాలుగు దారులు. మీకు ఏది ఇష్టమో అది చెబుతుంది, అంతవరకే. ఇష్టమైన దారిలో చెబితేనే చదువు బాగా వస్తుందా అని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో పాత పరిశోధనలు తిరగేశారు. తగిన ఆధారం దొరకలేదు.

అందుకని క్విజ్ పక్కన పెట్టి, రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు తీయండి. సమానత్వం (14-18 అధికరణాలు) చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. స్వేచ్ఛ (19-22) చార్ట్ గీయండి. మత స్వేచ్ఛ (25-28) పుస్తకం మూసి రూమ్మేట్‌కు చెప్పండి. ఒక్కోదానికి అరగంట. ఆ సాయంత్రమే పరీక్ష పెట్టుకోకండి, అప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి. వారం ఆగి తెల్లకాగితం మీద రాయండి.

ఎక్కడ తేడా కొడుతుందో చూడండి. 19వ అధికరణంలో ఇప్పుడున్నవి ఆరు స్వేచ్ఛలు. ఏడోదైన ఆస్తి హక్కును 1978లో 44వ సవరణ తీసేసింది. అందుకే అందులోని ఉపభాగాల్లో ఎ, బి, సి, డి, ఇ తర్వాత నేరుగా జి. చార్ట్‌లో ఎఫ్ దగ్గర ఖాళీ గడి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వినేటప్పుడు అది ఇట్టే జారిపోతుంది. అయితే 17, అంటే అంటరానితనం నిషేధం, ఎలా చదివినా గుర్తుంటుంది. కాబట్టి ఒక్కసారికే తీర్పు చెప్పేసుకోకుండా, మరుసటి వారం పద్ధతులు అటూ ఇటూ మార్చి చూడండి.

కొన్నిటికి మీ ఇష్టంతో పనిలేదు. కృష్ణా ఉపనదులకు మ్యాప్ గీయాల్సిందే. భీమా, మూసీ ఎడమ నుంచి, తుంగభద్ర కుడి నుంచి కలుస్తాయని వంద సార్లు విన్నా తికమకే. అరిథ్‌మెటిక్‌కైతే పెన్ను కదలాలి.

పుస్తకం మూసి చెప్పుకోవడం మాత్రం అందరూ చేయాలి, నేను ఒప్పుకోనిది దాన్ని ఎగ్గొడితేనే. చిక్కడపల్లి లైబ్రరీలో నోరు విప్పితే పక్కవాళ్లు ఊరుకోరు. పొద్దున్నే ఇందిరా పార్కులో నడుస్తూ కానివ్వండి, అక్కడ ఎవరి గొణుగుడు వాళ్లది.