కేప్‌టౌన్ వెళ్తే ఒక పొద్దున ఫిష్ హుక్ బీచ్‌కి ఇలా వెళ్లి రండి

కేప్‌టౌన్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది క్యాంప్స్ బే, క్లిఫ్టన్ బీచ్‌లు చూసుకుని వచ్చేస్తారు. ఫొటోలకి అవి బాగానే ఉంటాయి, కానీ అట్లాంటిక్ వైపు నీళ్లలో నడివేసవిలో కాలు పెట్టినా పాదాలు తిమ్మిరెక్కిపోతాయి. పిల్లాజెల్లాతో వెళ్లి నిజంగా నీళ్లలో దిగాలనుకుంటే కొండకి ఇవతల ఫాల్స్ బే వైపు రండి. ఇక్కడ నీళ్లు నయం, అలలు కూడా చిన్నవే. అందులోనూ నా ఓటు ఫిష్ హుక్‌కే. స్పెల్లింగ్ (Hoek) చూస్తే 'హోక్' అనాలనిపిస్తుంది గానీ అక్కడివాళ్లు హుక్ అనే అంటారు.

సిటీ నుంచి 30 కిలోమీటర్లు ఉంటుందేమో. రైల్లో వెళ్తే మైజన్‌బర్గ్ దాటాక పట్టాలు సముద్రం పక్కనే పోతాయి, దిగితే స్టేషన్ పక్కనే బీచ్. పట్టపగలే ఎక్కండి, ఫోన్ చేతిలో ఆడిస్తూ కూర్చోవద్దు. కారైతే మైజన్‌బర్గ్ దగ్గర కింద రోడ్డు వదిలేసి, కొండ మీదుగా పోయే బాయిస్ డ్రైవ్ ఎక్కి ఒకచోట ఆపండి. బే మొత్తం కనిపిస్తుంది, నీళ్ల మీద తెల్లటి నురగలు లేచి ఉన్నాయంటే గాలి ఉందని అక్కడే తెలిసిపోతుంది.

ఆ గాలే ఇక్కడ అసలు విషయం. సుమారు అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆగ్నేయం నుంచి కొడుతుంది, ఊళ్లో గాలిని శుభ్రం చేస్తుందని దానికి కేప్ డాక్టర్ అని ముద్దుపేరు. మేము మొదటిసారి జనవరిలో, భోజనాలయ్యాక తీరిగ్గా రెండింటికి వెళ్లాం. దుప్పటి పరిచేలోపే ఇసుక లేచి పిక్కల మీద సూదుల్లా గుచ్చింది, శాండ్‌విచ్ కొరికితే కరకరలాడింది. పావుగంటలో తట్టాబుట్టా సర్దేశాం. అందుకే ఎనిమిదింటికల్లా అక్కడుండండి. చాలా రోజులు పొద్దున గాలి తక్కువే, పైగా బీచ్ తూర్పు వైపు తిరిగి ఉంది కాబట్టి ఎండ కూడా అప్పుడే బాగుంటుంది.

నీళ్లలో దిగేముందు జెండా చూడండి. షార్క్ ఉన్న సముద్రమే, దాచేదేం లేదు, కానీ కొండ మీద మనుషులు కూర్చుని బైనాక్యులర్స్‌తో కాపలా కాస్తుంటారు. ఆకుపచ్చ అంటే నీళ్లు తేటగా ఉన్నాయి, షార్క్ కనిపించలేదు. నలుపు అంటే నీళ్లలోకి సరిగ్గా కనబడట్లేదు. ఎరుపు అంటే జాగ్రత్త, ఈమధ్యే కనిపించింది. తెల్ల జెండా మీద నల్ల షార్క్ బొమ్మ ఎగిరి సైరన్ మోగిందంటే ఇంకేం ఆలోచించకుండా బయటికి వచ్చేయండి. సీజన్‌లో వాతావరణం అనుకూలిస్తే ఒక మూలన వల కూడా కడతారు, షార్క్‌ని పట్టడానికి కాదు, లోపలికి రాకుండా ఆపడానికి. వల ఉంటే టెన్షన్ లేకుండా దాని లోపలే ఈదండి.

గాలి వీచాక ఒడ్డున నీలం బుడగల్లాంటివి పడి ఉంటాయి, బ్లూబాటిల్స్ అనే జెల్లీఫిష్ లాంటి జీవులు. పిల్లలు బెలూన్లనుకుని పట్టుకోబోతారు. చచ్చినవైనా కుడతాయి.

మందు సీసాలు మాత్రం తేవద్దు, బీచ్‌లో తాగడం నిషేధం. డిసెంబర్ 26, జనవరి 1 తేదీల్లో అసలు ఈ వైపు రావద్దు, జనం విపరీతం. కారు దగ్గర కాపలా ఉండే మనిషికి ఇవ్వడానికి కొన్ని రాండ్ల చిల్లర జేబులో ఉంచుకోండి.

ఒక్కోసారి జాలర్లు పడవలో వలేసుకుని వెళ్తారు, కొండ మీద ఒకడు నిలబడి చేపల గుంపు ఎటుందో సైగ చేస్తాడు, తర్వాత అందరూ కలిసి తాడు పట్టి వలని ఒడ్డుకి లాగుతారు. కనిపిస్తే ఈత ఆపి వెళ్లి చూడండి, కానీ తాడుకి అడ్డం రావద్దు.

పదకొండుకల్లా గాలి లేచిందా, మొండిగా కూర్చోకండి. వెనక్కి కాస్త దూరంలోనే కాల్క్ బే రేవు ఉంది, అక్కడ వేడివేడిగా హేక్ చేప, చిప్స్ దొరుకుతాయి. రేవులో సీల్స్ తిరుగుతుంటాయి, ప్లేటు మాత్రం గట్టు అంచున పెట్టకండి.