అల్పపీడనం అనగానే కుండీలు దించండి, వాయుగుండం అన్నాక మిద్దె ఎక్కొద్దు

పోయిన ఆదివారం సాయంత్రం మా వీధిలో ఒక అక్క మిద్దె మీద జారిపడింది. పెద్ద వాన కూడా కాదు, నెల్లూరులో అలాంటిదాన్ని జల్లు అంటాం. చామంతులు మొగ్గ మీదున్నాయి, తడిస్తే కుళ్లిపోతాయని గబగబా పైకెక్కి, ఒక కుండీని రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని నడుస్తుంటే పాచి మీద కాలు జారింది. చేతులు ఖాళీగా లేవు కాబట్టి దేన్నీ పట్టుకోలేకపోయింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. కుండీ ప్లాస్టిక్‌ది, దానికేమీ కాలేదు.

అందుకే ఇది రాస్తున్నా. ఎండ, నీళ్లు, ఎరువుల సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను. పదేళ్లుగా మిద్దెతోట పెంచుతూ, నాలాంటి పిచ్చోళ్లని చూస్తూ తెలుసుకున్నది ఒక్కటే. తుపానుకి మొక్కలు పోతే పోయేది నారు ఖర్చు, మళ్లీ పెట్టుకుంటాం. మనుషులు దెబ్బతినేది మాత్రం గాలి మొదలయ్యాక మొక్కల కోసం మిద్దె ఎక్కడం వల్ల. "ఇంకా టైముంది, రేపు దించుదాంలే" అనుకుంటాం, ఆ రేపు వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది, కరెంటు పోతుంది, పైన ఏదో దొర్లిన చప్పుడు వినిపిస్తుంది, ఫోన్ టార్చి నోట్లో కరుచుకుని లుంగీ ఎగ్గట్టి మెట్లెక్కుతాం. నేనూ ఎక్కాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు. అది తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, అంతకుముందు మనల్ని నానబెట్టే పోయింది. ఆ రాత్రి, మొక్కలకి నీడ కోసం కట్టిన గ్రీన్ నెట్ ఇనుప పైపుతో సహా లేచి నా చెవి పక్కనుంచి పోయింది. ఆ నెట్ ధర ఎంతో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. వార్తల్లో అల్పపీడనం అన్న రోజే పని మొదలుపెట్టాలి. వాయుగుండం అనేసరికి అయిపోయి ఉండాలి. తుపాను అన్నాక మిద్దె తలుపుకి గడియ, తాళం చెవి ఇంట్లో బుద్ధిమంతుల దగ్గర. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, చిత్త, స్వాతి కార్తెలు దాటితే ఏ వారం ఏం వస్తుందో చెప్పలేం. దసరా అయిపోయింది, ఇంకా ఆలస్యం ఎందుకు?

గాలి సంగతి

పిట్టగోడ మీద కుండీ వద్దు. తీగతో కట్టాను, సిమెంటు పెట్టాను అని చెప్పొద్దు. మట్టి నింపిన పన్నెండు అంగుళాల కుండీ తడిస్తే పదిహేను కిలోలకు తగ్గదు, కింద ఎవరి తల ఉంటుందో మనకి తెలియదు. అన్నిటినీ దించి, గాలికి చాటుగా, మెట్ల గది గోడ పక్కన ఒకదానికొకటి తగిలేలా గుంపుగా పెట్టండి. పెద్దవి బయటి వైపు, చిన్నవి లోపల. గులాబీ, మందారం లాంటి ఎత్తు మొక్కల్ని ముందే పడుకోబెట్టేయొచ్చు, రెండు రోజులకి చచ్చిపోవు.

గ్రీన్ నెట్ ఈ మూడు నెలలూ అక్కర్లేదు, విప్పి మడిచేయండి. ఎండని ఆపుతుంది కదా అని వదిలేస్తే పడవకి తెరచాప కట్టినట్టే. సొర, బీర పందిళ్లు సగం అయిపోయి ఉంటాయి, ఆశ వదులుకుని తీగ కోసేయండి. పెరట్లో మునగ కొమ్మలు పెళుసు, ఇప్పుడే గుండె ఎత్తుకి నరికేస్తే సంక్రాంతి తర్వాత మళ్లీ చిగురిస్తుంది. బొప్పాయికి బరువంతా తలలోనే, వేళ్లకి పట్టు తక్కువ, ముదురు కాయలు కోసేయండి. పచ్చివి కూర వండుకోవచ్చు.

నీళ్ల సంగతి

మిద్దె మీద వాన నీళ్లు పోయే గొట్టం దగ్గర మూడు అడుగుల మేర ఏమీ పెట్టొద్దు. కొబ్బరి పొట్టు, ఎండాకులు, చిరిగిన గ్రోబ్యాగు ముక్కలు వెళ్లి అక్కడే ఇరుక్కుంటాయి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే దాదాపు 2,360 లీటర్లు, అంటే రెండు టన్నులకు పైన బరువు. కుండీల బరువు అదనం. పాత శ్లాబు కింద పడుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేసుకోండి. గొట్టం మూతికి జాలీ పెట్టి, ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి, సుడి తిరుగుతూ దిగిపోవాలి. గొట్టం మూసుకుందని తెలిసేది ఎప్పుడూ వాన మధ్యలోనే, అప్పుడే మళ్లీ పైకెక్కుతాం. ఎక్కొద్దని కదా మొత్తుకుంటున్నా!

కుండీల కింద పళ్లేలు తీసేయండి. వేళ్లు నాలుగు రోజులు నానితే కనకాంబరం వాడిపోతుంది, చామంతి నల్లబడుతుంది. పైగా డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. అడుగు రంధ్రాల్లోకి సన్నటి చువ్వతో పొడిచి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తండి.

ఇక వరసగా చెప్పేస్తా, ఓపిక లేదు.

పాచి ఇప్పుడే, ఎండగా ఉన్నప్పుడే గీకండి. బ్లీచింగ్ పౌడర్ చల్లి చీపురుతో రుద్దితే పోతుంది, ఆ నీళ్లు మొక్కల మొదట్లోకి పోకుండా చూసుకోండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. తడి మిద్దె మీద హవాయి చెప్పులు వద్దు. కుండీ జరిపేటప్పుడు మీ వైపుకి వంచండి, ఖాళీ అవతలి పక్క తెరుచుకుంటుంది, కింద తేలో పామో ఉంటే అటే పోతుంది. చేతులు కిందకి పెట్టొద్దు. మోటారు, టైమర్ ప్లగ్గులు పీకేయండి. కరెంటు తీగలు పక్కనే పోతుంటే ఇనుప పైపు చేత్తో పట్టుకోవద్దు, పొడి రోజైనా సరే. మిరప, టమాటా నారు ట్రేలు మెట్ల కిందకి చేర్చండి, మొదట్లో కాడ దారంలా సన్నబడిందంటే నారుకుళ్లు పట్టినట్టే, కాపర్ ఆక్సీ క్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదట్లో పోయండి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచొద్దు. వాన ముందు రోజు వేపనూనె కొట్టొద్దు, దండగ. కొత్తిమీర, మెంతి గింజలు ఇప్పుడు చల్లొద్దు, కొట్టుకుపోతాయి. వాన తగ్గగానే ఎరువు వేయొద్దు, పై మట్టి ఆరనివ్వండి, చిన్న చువ్వతో గుల్ల చేయండి, ఆ తర్వాతే. పిల్లల్ని "పైకెళ్లి చూసిరా" అని పంపొద్దు. పెద్దవాళ్లని అసలే పంపొద్దు. గాలి మొదలయ్యాక మీరూ పోవద్దు, దొర్లితే దొర్లనివ్వండి.

పిట్టగోడ మీద ఇంకా కుండీలున్నాయా? చదివింది చాలు, లేచి దించండి. వాన పడుతుంటే మాత్రం కూర్చోండి, రేపు పొద్దున చూద్దురు.