సువార్తకు బయల్దేరే ముందు

ప్రతి వేసవిలో మా చర్చి సంఘం యూత్ పిల్లలు ఊళ్ళ మీదికి సువార్తకు వెళ్తారు. ఈసారి "ఆంటీ, జనంతో ఎలా మాట్లాడాలో కాస్త చెప్పండి" అని నా దగ్గరికొచ్చారు. నేను బోధకురాలిని కాను. నరసాపురం చుట్టుపక్కల ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని. అయినా సరేనన్నాను. బైబిలు వాక్యం ఎలా చెప్పాలో పాస్టరు గారు నేర్పుతారు. ఎవరికి, ఎప్పుడు చెప్పకూడదో మాత్రం మంచాల మధ్య తిరిగినవాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది.

అసలు చెప్పనే వద్దని నేననను. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు భార్యలతో సహా ఓడెక్కి వచ్చి నరసాపురంలో మకాం పెట్టారు. తర్వాత గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడింది దానికే. అలాంటివాళ్ళెవరూ మా ముత్తాత గుమ్మం ముందు నిలబడకపోతే, ఇవాళ ఇది రాయడానికి నాకు అక్షరాలు వచ్చేవా అన్నది అనుమానమే. బడి కోసం మతం పుచ్చుకున్నారని మావాళ్ళని ఎకసెక్కాలాడేవాళ్ళున్నారు. ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని రోజుల్లో, ఎక్కనిచ్చిన చోటికి వెళ్ళారు. అందులో సిగ్గుపడాల్సింది మావాళ్ళు కాదు. అయితే అప్పట్లో బడి, మందు, మతం మూడూ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. ఇప్పుడు మనం అలా కలిపి పంచక్కర్లేదు. పంచకూడదు కూడా.

కాబట్టి ఒక ఇంటి ముందు ఆగేముందు చూసుకోవాల్సింది ఒకటే: ఎదుటి మనిషి "నాకొద్దండీ" అంటే వాళ్ళకి ఏమన్నా పోతుందా? పోతుందనుకుంటే నోరెత్తొద్దు.

ఆసుపత్రి పేరెందుకుగానీ, నా కళ్ళ ముందు జరిగిందే చెప్తాను. కాలికి పుండు పడి, షుగరు బాగా పెరిగిపోయి చేరింది ఒక లంక ఊరి మామ్మ. దిండు కింద విస్తరాకు పొట్లంలో అన్నవరం ప్రసాదం. షుగరు పేషెంటుకి ఆ ప్రసాదమేంటని పొద్దున్నే కేకలేశాను కూడా. సాయంత్రం విజిటింగ్ టైములో ప్రార్థన గుంపు ఒకటి వార్డులోకి వచ్చింది. మంచివాళ్ళే, అరటిపళ్ళు కూడా తెచ్చారు. మంచం చుట్టూ నిలబడి, తల మీద చెయ్యిపెట్టి, పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చునేంత గట్టిగా ప్రార్థన చేశారు. "ఆమెన్ అనండి మామ్మగారూ" అన్నారు. అంది. వాళ్ళు మురిసిపోయి వెళ్ళారు. ఇన్సులిన్ వెయ్యడానికి నేను వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, ఇందాక సరిగ్గానే అన్నానా? అనకపోతే సూది ఆపేత్తారేమోనని బయమేసింది" అని అడిగింది. దిండు కింద పొట్లం తీసి చీర కుచ్చిళ్ళలో దాచుకుని ఉంది.

ఆ గుంపు తమ లెక్కలో ఒక ఆత్మను రాసుకునే ఉంటుంది.

చెయ్యికి సెలైన్ ఉన్న మనిషి లేచి వెళ్ళిపోలేడు. అందుకే వార్డులో సువార్త వద్దు. ఎవరైనా తమంతట తాము "నా కోసం ప్రార్థన చేస్తారా" అని అడిగితే చెయ్యండి, మంచం పక్కన కూర్చుని, ఆ మనిషికి వినపడేంత మటుకు. అడిగినవాళ్ళు హిందువులైనా, సాయిబులైనా ఫర్వాలేదు. డ్యూటీలో ఉన్న నర్సైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రోగి నమ్మకాలకీ ఆచారాలకీ విలువ ఇవ్వమనే మా వృత్తి నియమావళి చెప్తుంది.

మంచం మీదున్నవాళ్ళే కాదు, లేచి వెళ్ళలేనివాళ్ళు బయట చాలామంది ఉంటారు. మీ రొయ్యల చెరువు మీద కాపలా ఉన్న కుర్రాడు, మీ వాటాలో అద్దెకున్న కుటుంబం, మీ దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్ల. మీ దగ్గర అప్పు తీసుకున్నవాడు మీ దేవుడికి కూడా దణ్ణం పెడతాడు, దాన్ని విశ్వాసం అనుకోకండి. ఇలాంటివాళ్ళకి మీరేమన్నా చెప్పాలనుకుంటే ముందు ఆ లావాదేవీ తేలిపోనివ్వండి.

వరదలప్పుడు మరీను. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంకల్లో జనం పడవలెక్కి బయటికొచ్చారు. మంచినీళ్ళ ప్యాకెట్టు కోసం లైన్లో నిలబడ్డ మనిషి ఏ కరపత్రం ఇచ్చినా పుచ్చుకుంటాడు. బియ్యం మూటతోపాటు పుస్తకం పెట్టొద్దు, మూట మీద వాక్యం అచ్చు వెయ్యొద్దు, పంచేముందు పాట పాడించొద్దు. విపత్తు సాయంలో పనిచేసే సంస్థలకి రెడ్‌క్రాస్ వాళ్ళూ మిగతావాళ్ళూ కలిసి 1994లో ఒక నియమావళి రాసుకున్నారు. సాయాన్ని ఏ రాజకీయానికీ, ఏ మతానికీ వాడకూడదని అందులో ఉంది. సర్ ఆర్థర్ కాటన్ ఎంత భక్తిగల క్రైస్తవుడో చదివినవాళ్ళకి తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు ఏ చేలోకి వెళ్ళాలో మతం చూసి వదల్లేదు. ఇవాళ ఆయన్ని భగీరథుడని శ్లోకంలో తలుచుకునే పురోహితులున్నారు మన గోదావరి గట్టున. వాళ్ళెవరూ మతం మారలేదు, కాటన్‌కి వచ్చిన లోటూ లేదు.

ఇక గుమ్మం దగ్గర. మనవాళ్ళు మొహం మీద కాదనరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. "రండి, కూర్చోండి, మజ్జిగ తాగుతారా" అన్నారంటే అది గోదావరి మర్యాద, ఆసక్తి కాదు. "చూద్దాంలెండి" అంటే వద్దని. "మా ఆయన్ని అడగాలండీ" అంటే వద్దని. "ఆదివారం వీలైతే వస్తామండీ" అంటే ఖచ్చితంగా వద్దని. "మా ఇంట్లో అన్ని దేవుళ్ళకీ దణ్ణం పెడతామండీ, ఆయ్" అంటే వద్దని మాత్రమే కాదు, ఇక లేవమని. మజ్జిగ తాగండి, గ్లాసు ఇచ్చెయ్యండి, వాళ్ళ పంట గురించో, అమ్మాయి చదువు గురించో నాలుగు మాటలాడి లేవండి. మళ్ళీ ఆ ఇంటికి ఇదే పని మీద వెళ్ళొద్దు. వాళ్ళకి మిమ్మల్ని అడగాలనిపిస్తే మీరెక్కడుంటారో ఊరందరికీ తెలుసు.

మొదలుపెట్టేటప్పుడు అసలు సంగతి ముందే చెప్పెయ్యండి. "మేం ఫలానా సంఘం నుంచి వచ్చాం, యేసు ప్రభువు గురించి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చాండీ?" ఇంతే. హెల్త్ సర్వే అనీ, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసనీ పిలిచి, జనం కూర్చున్నాక బైబిలు తీయడం మోసం. దేవుడి పేరు మీద చేసినా మోసమే.

చెప్పేది మీ సంగతి చెప్పండి. మీ నాన్న తాగుడు మానడం, మీకు ధైర్యం రావడం, ఏదైతే అది. వాళ్ళ దేవుళ్ళ జోలికి వెళ్ళకండి. గోడ మీద పటాల వంక చూసి మొహం చిట్లించడం, బొట్టు గురించీ తాళి గురించీ వ్యాఖ్యానాలు, "రాళ్ళకి మొక్కుతారు" లాంటి మాటలు, ఇవేవీ వాక్యం కావు, పొగరు. అంతర్వేది తీర్థానికి వచ్చే జనం మధ్య కరపత్రాలు పంచే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. కల్యాణం చూడ్డానికి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళ దగ్గర మనకేం పని? మన క్రిస్మస్ ఆరాధన మెట్ల మీద ఇంకొకరు వచ్చి పంచితే మనకెలా ఉంటుంది?

చట్టం కూడా తెలుసుకుని వెళ్ళండి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే హక్కుతోపాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది. ఆ ప్రచారం అన్న మాట ఉంచాలా తీసెయ్యాలా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి వాదనే నడిచింది, చివరికి ఉంచారు. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దానికి హద్దు గీసింది: నీ మతం ఏం చెప్తుందో వివరించే హక్కు నీకుంది, ఇంకొకరిని మార్చే హక్కు మాత్రం లేదు. మన రాష్ట్రంలో 2007లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన పుణ్యక్షేత్రాల్లో, ప్రార్థనా స్థలాల్లో వేరే మతం ప్రచారం చెయ్యడం నేరం. మైకు సంగతి సరేసరి, రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా కట్టెయ్యాలి.

స్వస్థత గురించి మాట్లాడేటప్పుడు నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. ప్రార్థన చెయ్యండి, నేనూ చేస్తాను. మాత్రలు మానెయ్యమని ఎవరన్నా అంటే ఆ కూడిక నుంచి లేచి వచ్చెయ్యండి. స్టేజీ ఎక్కి "నాకు షుగరు పోయింది" అని సాక్ష్యం చెప్పి, ఇన్సులిన్ మానేసి, స్పృహ లేకుండా క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళకి నేను సెలైన్ పెట్టాను. అప్పుడు స్టేజీ మీదివాళ్ళు ఒక్కరూ కనపడలేదు. మహిమతో షుగరు, క్యాన్సరు, మూర్ఛ నయం చేస్తామని పోస్టర్లు వెయ్యడం 1954 నాటి చట్టం కిందే నేరం. మీ పోస్టరు మీద జబ్బు పేరు ఉండకూడదు.

పిల్లల విషయం చిన్నదే. వేసవి సెలవుల్లో పెట్టే బైబిలు బడికి (వీబీఎస్‌కి) పాటల కోసం, బిస్కెట్ల కోసం పక్కింటి హిందూ పిల్లలూ వస్తారు. వాళ్ళమ్మా నాన్నలకి అక్కడ ఏం నేర్పుతామో చెప్పి, వాళ్ళు సరేనంటేనే కూర్చోబెట్టండి. "ఇంట్లో చెప్పకు" అని పిల్లాడితో ఎవరన్నా అన్నారని తెలిస్తే మరుసటేడు వాళ్ళని టీచరుగా పెట్టొద్దు.

ఎవరైనా నిజంగానే బాప్తిస్మం కావాలని వస్తే? సంతోషమే. కానీ తొందరపెట్టకండి, ఏమేం పోతాయో మీరే ముందు చెప్పండి. చాలామంది ఇక్కడే దాటేస్తారు. ఎస్సీ కుటుంబమైతే చట్టం దృష్టిలో ఆ హోదా పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనల్ని కలపలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదంటాను, గుడి మారినంత మాత్రాన ఊళ్ళో చూసే చూపు మారదు. కానీ నా అభిప్రాయంతో ఆ ఇంటి పిల్లకి హాస్టల్ సీటు రాదు కదా. సర్టిఫికెట్టు మీద ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి పెట్టుకొమ్మని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ఆ అబద్ధం బరువంతా వాళ్ళ నెత్తిన పడుతుంది, సలహా ఇచ్చినవాళ్ళ మీద పడదు.

ఇంకో ప్రశ్న కూడా మీరే తియ్యాలి. పెద్దకొడుకైతే, రేపు వాళ్ళ నాన్న పోతే తలకొరివి ఎవరు పెడతారు? "అది సైతాను క్రియ, ముట్టుకోకు" అని ఒకాయన చెప్పగా విన్నాను. తండ్రి శవం దగ్గర కొడుకుని పరాయివాణ్ణి చేసే అధికారం మనకెవరిచ్చారు? ఆ మాట ఇంట్లో తల్లీ తండ్రీ ఉండగా కూర్చుని మాట్లాడుకోమనండి. అమ్మాయి పెళ్ళి, అత్తవారి ఊళ్ళో సమాధుల తోటకి జాగా ఉందో లేదో, అన్నీ మాట్లాడుకోమనండి. ఆర్నెల్లు పట్టినా పట్టనివ్వండి.

మన దగ్గరికొచ్చి వాళ్ళ సంగతి చెప్పేవాళ్ళకీ ఇవే పద్ధతులు. గీత పుస్తకం ఇస్తే పుచ్చుకోండి, సాయిబుగారు ప్రవక్త గురించి చెప్తే వినండి, మన మాట వినడానికి వాళ్ళు పట్టే ఓపిక మనమూ పట్టాలి. "మళ్ళీ మీ తాతల మతంలోకి వచ్చెయ్యండి, లేకపోతే రేషన్ కార్డు చూసుకుంటాం" అనేవాళ్ళు వస్తే మాత్రం వినక్కర్లేదు. అప్పుడు ఇంట్లో ఒక్కరే ఉండకండి, పదిమందిని పిలవండి.

చివరగా, మనలోంచి వెళ్ళిపోయేవాళ్ళు. బాప్తిస్మం తీసుకుని, రెండేళ్ళకి మళ్ళీ సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టుకున్న కుటుంబాలు ఉంటాయి. వాళ్ళ పేరు ఎత్తి ప్రార్థనలో ఏడవొద్దు, వాళ్ళ పిల్లల పెళ్ళికి వెళ్ళడం మానొద్దు. రిజిస్టరులో పేరు కొట్టెయ్యమంటే కొట్టెయ్యండి. వాట్సాప్ గ్రూపులోంచి ఆ నంబరు ఆ రోజే తీసెయ్యండి. వాళ్ళ సాక్ష్యం వీడియో మన యూట్యూబ్ ఛానల్లో ఉంటే, ఎంతమంది చూసినా సరే, అడిగిన గంటలో డిలీట్ చెయ్యండి. అడక్కపోయినా ఒకసారి ఫోన్ చేసి, "ఉంచమంటారా, తీసెయ్యమంటారా అండీ" అని కనుక్కోండి.