ఐస్ 0 దగ్గర ఆగట్లేదా, నీళ్లు 98కే మరుగుతున్నాయా: సమస్య - పరిష్కారం

హైస్కూల్ పిల్లలతో ఈ ప్రయోగం చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను. ఐస్ వేడి చెయ్యడం, టెంపరేచర్ రాసుకోవడం, గ్రాఫు గీయడం, అంతే. చూడ్డానికి ఇంతకంటే తేలిక ప్రయోగం లేదనిపిస్తుంది కానీ రికార్డు తెరిచి చూస్తే చాలామంది 0, 100 అని పుస్తకంలో ఉన్న అంకెలే వేసేసి ఉంటారు, ఎందుకంటే థర్మామీటరు వేరే అంకె చూపిస్తే తప్పు తమదేమో అని భయపడి దిద్దేస్తారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది. దయచేసి దిద్దకండి, వచ్చిన అంకె వచ్చినట్టు రాసి, అది ఎందుకలా వచ్చిందో కింద చూసుకోండి.

సమస్య: ఐస్ ఇంకా తేలుతూనే ఉంది, థర్మామీటరు మాత్రం 3, 4 చూపిస్తోంది

ముందు థర్మామీటరు బల్బు (కింద కొసన ఉండే భాగం) ఎక్కడుందో చూడండి. బీకరు అడుగున ఉంటే అదే కారణం. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్లు అడుక్కి దిగిపోతాయి, ఐసేమో పైన తేలుతుంది, అంటే ఒకే బీకరులో పైన 0, కింద 4. పైగా అడుగున మంట కూడా ఉంటే చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ ట్రేలోంచి తీసిన పెద్ద ముక్కలు అలాగే వేసేసినా ఇదే గోల, ముక్కల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, బల్బు ఆ గాలి టెంపరేచర్ చూపిస్తుంది.

ఐస్‌ని గుడ్డలో చుట్టి దంచి, బల్బు చుట్టూ ఖాళీ లేకుండా కొంచెం చల్లటి నీళ్లు పోయండి. బల్బు మధ్యలో వేలాడాలి, గాజుకి ఎక్కడా తగలకూడదు. గాజు కడ్డీతో కలుపుతూనే ఉండండి (థర్మామీటరుతో కలపకండి, బల్బు పుటుక్కున పోతుంది). మంట బాగా చిన్నది చాలు. మొదట్లో -2, -3 చూపిస్తే కంగారు పడొద్దు, ఫ్రీజర్‌లోంచి వచ్చిన ఐస్ 0 కంటే చల్లగానే ఉంటుంది కదా, అది 0కి వచ్చాకే కరగడం మొదలు.

ఐస్ కరుగుతున్నంతసేపూ టెంపరేచర్ మారదు కాబట్టి గ్రాఫులో అడ్డగీత వస్తుంది, అది మరీ చిన్నగా వచ్చిందా? గ్రాము ఐస్ కరగడానికి 334 జౌల్స్ (వేడిని కొలిచే యూనిట్) కావాలి, అదే గ్రాము నీళ్లు 0 నుంచి 100 వెళ్లడానికి సుమారు 418. అంటే కరగడానికి 8 నిమిషాలు పడితే అదే మంట మీద 100కి చేరడానికి ఓ 10 నిమిషాలు పట్టాలి, గాలికి పోయే వేడి వల్ల ఇంకాస్త ఎక్కువే పడుతుంది. మీ లెక్క దీనికి బాగా దూరంగా ఉందంటే మధ్యలో మంట మార్చారన్నమాట, లేదా ఐస్ మరీ తక్కువ తీసుకున్నారు. ఓ 100 గ్రాములు తీసుకుని అర నిమిషానికోసారి రాయండి.

సమస్య: నీళ్లు 100కి రాకుండానే మరిగిపోతున్నాయి

హైదరాబాద్‌లో ఉంటే 98 చూసి థర్మామీటరుని తిట్టకండి, అది నిజమే చెప్తోంది. ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తులో ఉంది, సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది, కాబట్టి 98 చిల్లర రావాలి. విశాఖ బీచ్ పక్కన చేస్తే 100 దగ్గరే వస్తుంది, హార్స్‌లీ హిల్స్ మీద 96 దాటడం కష్టం.

60, 70 దగ్గరే బుడగలు వచ్చాయని అదే మరుగు అని రాసేసేవాళ్లు చాలామంది, అది నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి రావడం. సలసలా మరిగేదాకా, అడుగున పుట్టిన బుడగ పైదాకా వచ్చి పగిలేదాకా ఆగండి.

బోరు నీళ్ల వల్ల తేడా వచ్చిందేమో అని అడుగుతారు. లీటరుకి 58 గ్రాముల ఉప్పు వేస్తే ఒక్క డిగ్రీ పెరుగుతుంది, బోరు నీళ్లలో ఉండే ఉప్పుకి వచ్చే తేడా మీ థర్మామీటరులో కనపడదు. 102, 103 వస్తే బల్బు అడుగుకి తగులుతోందేమో చూడండి. ఇంకో సంగతి, థర్మామీటరు కాడ చాలా భాగం బయట గాలిలో ఉంటే పాదరసం థర్మామీటరు ముప్పావు డిగ్రీ దాకా తక్కువ చూపించొచ్చు. కొన్నిటి మీద 76 మిల్లీమీటర్ల గుర్తు ఉంటుంది, అంతదాకా ముంచాలి.

సమస్య: కలరా ఉండలు 80 దగ్గర గడ్డకట్టట్లేదు

ఇదే ప్రయోగాన్ని బట్టల్లో పెట్టే కలరా ఉండలు కరిగించి, చల్లారబెడుతూ కూడా చేయిస్తాం. వాటిలో ఉండే నాఫ్తలీన్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టాలి. మీకు 53 దగ్గర ఆగిందా, అయితే మీ ఉండలు నాఫ్తలీన్ కాదు, పారాడైక్లోరోబెంజీన్. ముందే తెలుసుకోవాలంటే నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి ఉండ వెయ్యండి. నాఫ్తలీన్ తేలుతుంది, రెండోది మునుగుతుంది, కర్పూరం అయితే మామూలు నీళ్లలోనే తేలుతుంది. కరిగించేటప్పుడు వాటర్ బాత్‌లోనే (ట్యూబుని వేడి నీళ్ల గిన్నెలో ఉంచి) కరిగించాలి, నేరుగా మంట వద్దు, ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కిటికీలు తీసి పెట్టండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం (పుట్టుకతో వచ్చే ఒక రక్త సమస్య) ఉన్న పిల్లల్ని దీని దగ్గరికి రానివ్వకండి, వాళ్లకి నిజంగా ప్రమాదం.

టెస్ట్‌ట్యూబులో గాజు గోడ వెంట సన్నటి తెల్ల సూదుల్లాంటివి మొలుస్తాయి చూడండి, అవి మధ్యకి పాకుతున్నంతసేపూ అంకె కదలదు. ఒక్కోసారి 80 కంటే కిందికి జారి, సూదులు కనపడగానే టక్కున పైకి లేస్తుంది. థర్మామీటరు పాడైందని ఆ రీడింగ్ కొట్టేస్తారు పాపం! అది పాడవడం కాదు, ద్రవం గడ్డకట్టకుండా కొంచెం చల్లబడి, గట్టిపడేటప్పుడు వేడి వదులుతుంది, అందుకే ఎక్కింది. డిస్టిల్డ్ వాటర్‌ని ఐస్, ఉప్పు కలిపిన దాంట్లో పెట్టినా (కుల్ఫీ కుండలో వేసేది అదే) -4, -5 దాకా నీళ్లగానే ఉండి ఒక్కసారి 0కి ఎక్కొచ్చు. మీకు అది రాకూడదనుకుంటే చిన్న ఐస్ పలుకు వెయ్యండి చాలు.

కొవ్వొత్తి మైనంతో చేస్తే చదునైన గీత రాదు, ఏటవాలుగా జారుతుంది. అది రకరకాల పదార్థాల కలగలుపు, ఒక్కోటి ఒక్కో చోట గట్టిపడుతుంది. డిసెంబర్ పొద్దున్నే కొబ్బరినూనె సీసాలో సగం గడ్డ, సగం నూనె ఉండేది కూడా ఇందుకే.

సమస్య: డిజిటల్ సెన్సర్ 85 దగ్గరే ఉండిపోయింది, లేదా -127

థర్మామీటరు బదులు డీఎస్18బీ20 అనే డిజిటల్ టెంపరేచర్ సెన్సర్ వాడేవాళ్లకి ఇది. పవర్ ఇచ్చాక మొదటి కొలత పూర్తవకముందే చదివితే 85 వస్తుంది, ముప్పావు సెకను ఆగి చదవండి. నాఫ్తలీన్ ప్రయోగంలో ఈ 85 నిజమేననిపిస్తుంది, జాగ్రత్త. -127 అంటే వైరు ఊడింది, లేదా 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టలేదు.

సమస్య: థర్మామీటరు గడ్డకట్టిన నాఫ్తలీన్‌లో ఇరుక్కుపోయింది

లాగకండి, తిప్పకండి. ట్యూబుని మళ్లీ వాటర్ బాత్‌లో పెట్టి మొత్తం కరిగేదాకా ఆగితే అదే వదులుతుంది. వేడిగా ఉండగానే తీసి, చల్లారకముందే గుడ్డతో తుడిచెయ్యండి.